ఉతికి చూసేనని చెప్పిన చీర

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే వినేవాళ్లు లేరు. ఇంట్లో నేనొక్కదాన్నే. గోడకి చెప్పుకుంటే గోడ వింటుంది గాని, దానివల్ల ఒరిగేదేముంది? అందుకని ఈ కాయితాల మీద రాసి మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టేను.

చోడవరంలో నేను కుట్టు టీచర్ని. వారానికి మూడు రోజులు మహిళా మండలిలో ఆడపిల్లలకి కుట్టు నేర్పుతాను, మిగతా రోజులు ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా చేస్తూనే పోయేరు. పిల్లల్లేరు. గుడ్డ విషయంలో మాత్రం ఊళ్లో నా మాటకి విలువుండేది. తడపందే ఏ గుడ్డకీ కత్తెర పెట్టను నేను. ఓ మూల తడిపి, తెల్లటి పాతగుడ్డ మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా రాస్తాను. రంగు దిగితే దిగిందనే చెప్తాను, ఎవరేమనుకున్నా సరే. పెళ్లి బట్టలు కొన్నవాళ్లు కూడా ముందు నా దగ్గరికి తెచ్చి, ఇది నిలుస్తుందా అని అడిగేవారు. నిలవదంటే షాపుకి తిప్పి పంపేసేవారు.

అడగడానికి వచ్చేవారు, అడిగి వెళ్లిపోయేవారు. గుమ్మం దాటి లోపల కూర్చునేవాళ్లు తక్కువ. పేరంటాలకి నన్నెవరు పిలుస్తారు? పిలవరు, నేనూ వెళ్లను. ఎవరి మీదా నిష్ఠూరంగా అనటం లేదు ఈ మాట. ఏమో, నిష్ఠూరమేనేమో.

ఒక్క నరసమ్మ మాత్రం వచ్చి కూర్చునేది. ఆవిడ ఊరు వడ్డాది. మగ్గం మీద నేసిన జాకెట్టు గుడ్డలు, తువ్వాళ్లు మూటకట్టి నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. మంగళవారం మంగళవారం చోడవరం వచ్చి, మా అరుగు మీద మూట దించి, చెంబుడు మంచినీళ్లు తాగి, గోడకి జారబడి, దేవరాపల్లి దాకా ఉన్న కబుర్లన్నీ ఏకరువు పెట్టేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కాని గుడ్డ గురించి ఒక్క అబద్ధం ఆడదు. ఆడితే మళ్లీ ఆ వీధిలో అడుగుపెట్టలేదు కదా. షాపంటూ లేని మనిషి, ఆవిడకి ఉన్నదల్లా ఆ నమ్మకమే.

జై ఆంధ్ర గొడవలకి ముందు సంగతి ఇది. అప్పట్లో గొలుసు చీరలని ఒకటి బయల్దేరింది. ముందు ఒక కూపను కొని కంపెనీకి పంపాలి. వాళ్లు అయిదు కూపన్లు పంపుతారు. ఆ అయిదూ ఎవరికో ఒకరికి అంటగడితే, మనకి ఆర్టు సిల్కు చీర పార్సెల్లో వస్తుంది. మన దగ్గర కొన్న ఆ అయిదుగురూ మళ్లీ తలా అయిదుగురిని పట్టుకోవాలి. నాకు విశాఖపట్నంలో ఉన్న మా ఆడపడుచు అంటగట్టింది. నేను నలుగురు ఇరుగుపొరుగు వాళ్లకీ, అయిదోది నరసమ్మకీ ఇచ్చేను.

చీర వచ్చింది. వంకాయ రంగు, పట్టులాగే మెరుస్తోంది. నేను కట్టుకునే రంగు కాదు, కట్టుకోవాలనీ అనుకోలేదు. అయినా ఆ మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్లందరూ మా ఇంటికి వచ్చేరు చూడ్డానికి. మర్నాడు ఇంకా కొందరు వచ్చేరు. చాపలు చాల్లేదు. నేను బెల్లం పానకం కలిపేను, వాళ్లలో ఒకావిడ చేగోడీలు తెచ్చింది. మా ఆయన పోయేక మా ఇంట్లో అంతమంది నవ్వగా వినడం అదే మొదలు. వాళ్లు వెళ్లేక చాపలు చుట్టబుద్ధి కాలేదు, అలాగే పరిచి ఉంచేసేను.

ఆ చీరలో ఒక చిత్రం ఉంది చూడండి. షాపులో గుడ్డకి మనం సవాలక్ష వంకలు పెడతాం. ఈ చీరకి ఒక్కరూ వంక పెట్టలేదు. వంక పెడితే రేపు తన కూపన్లు ఎవరు కొంటారు? కొనేదీ మనమే, అమ్మేదీ మనమే, బాగుందని చెప్పేదీ మనమే. ఇక బాగులేదని చెప్పే మనిషి ఎక్కడ మిగిలింది? నేను మిగలాలి. అందరూ నా వైపే చూస్తున్నారు.

మూడో రోజు పొద్దున్న, ఎవరూ రాకముందు, చీర లోపలి కొస తడిపేను. తెల్లగుడ్డ మీద పెట్టి రాసేను. నేరేడు పళ్లు నలిపినట్టు రంగు దిగిపోయింది. తడిసిన చోట కాస్త లాగేసరికి పోగులు విడిపోయేయి. ఇంక చెప్పడానికేముంది? రేపు ఎలాగూ మంగళవారం, నరసమ్మ వస్తుంది, కూపన్లు పల్లెలకి పట్టుకుపోవద్దని చెప్పెయ్యాలి. మిగతా నలుగురికీ చెప్పాలి. పోయింది అయిదుగురితో పోతుంది. అదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, మీరు నమ్మండి నమ్మకపోండి.

మధ్యాహ్నం మళ్లీ ఆడవాళ్లు వస్తారని గుర్తొచ్చింది. చెప్పేస్తే ఎల్లుండి నుంచి ఎందుకొస్తారు? అంతే. నేను పెద్దగా ఆలోచించలేదు, చెయ్యి దానంతటదే కత్తెర తీసింది. తడిసిన జానెడు ముక్కా కత్తిరించేసి, అంచు మడిచి, కనిపించకుండా సన్నటి కుట్టు వేసేసేను. కుట్టు బాగా వచ్చింది, నాకు చేతనైన పనే కదా. ఆ ముక్క పొయ్యిలో పెట్టేను.

నరసమ్మ వచ్చి అరుగు మీద మూట దించీ దించకుండానే అడిగింది. "సీర సూసేవా టీచరమ్మా, ఎలగుంది? నువ్వు సెప్తేనే ఊళ్లల్లో కూపన్లు తీత్తాను, నేకపోతే నేదు" అంది. రెండుసార్లు ఉతికి చూసేను, రంగు గట్టిది అన్నాను. రెండుసార్లని ఎందుకన్నాను? ఒకసారి అంటే సరిపోదా? అబద్ధానికి కూడా లెక్క కుదరాలనిపించింది కాబోలు.

ఇంకో రెండు నెలలు మా ఇల్లు కళకళ్లాడింది. దాచుకోను, నేను సుఖపడ్డాను. రోజూ తల దువ్వుకుని, గుమ్మంలో నీళ్లు జల్లి, వాళ్ల కోసం కూర్చునేదాన్ని.

తరవాత నరసమ్మ దగ్గర కూపన్లు కొన్నవాళ్లకి చీరలు రావడం మొదలైంది. కొందరికే వచ్చేయి, అదీ దరిద్రం. రాకపోయినా బాగుండేది. దేవరాపల్లి దగ్గర పల్లెలో అమ్మవారి పండక్కి నలుగురు ఆడవాళ్లు అవే కట్టుకుని వెళ్తే వాన పట్టుకుంది. పదిమందిలో వంకాయ రంగు నీళ్లు కాళ్ల మీద కారేయి. ఒకావిడ చీర కుచ్చెళ్ల దగ్గర చిరిగి చేతిలోకి వచ్చేసిందిట, పక్కావిడ తువ్వాలు కట్టి ఇంటికి తీసుకెళ్లిందిట. కంపెనీకి ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చేయి. గొలుసులో ఎవరికైనా తెలిసేది తన పైనున్న ఒక్క మనిషే. వాళ్లందరికీ పైనున్నది నరసమ్మ. ఆ మూటతో మళ్లీ మా ఊరు రాకు అన్నారు. ఒక ఊరంటే రెండో ఊరూ అంది.

ఒక మంగళవారం వచ్చింది. నెత్తిన మూట లేదు. అలా చూడ్డం నాకు అదే మొదటిసారి, మనిషి పొట్టిగా అయిపోయినట్టనిపించింది. అరుగు ఎక్కలేదు, కిందే నిలబడింది. అడగడానికే వచ్చింది అనుకున్నాను. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను.

"కోపం వచ్చిందా టీచరమ్మా?" అంది.

"నాకెందుకే కోపం? పైకి రా, కూర్చో."

"నాను కూకోను. నీ పేరు పాడు సేసీసేనమ్మా. టీచరమ్మ రెండుపాలు ఉతికి సూసిందీ అని ఊరూరా సెప్పేను. ఇప్పుడు నిన్ను కూడా ఆడిపోసుకుంతన్నారు. నీకొచ్చింది మంచి సీరే. మా పల్లెటూరోల్లకని నాసి సరుకు అంపేరు ఆల్లు. నాకు తెల్దు. నీ పేరు ఎత్తకుండా ఉండవలిసింది. తప్పయిపోనాది, మనసులో ఎట్టుకోకు."

చీర లోపల పెట్లో ఉంది. తీసి ఆ అంచు చూపిస్తే చాలు. చూపించేనా? నేనేమన్నానో వినండి.

"పోనీలే నరసమ్మా. నాకేం కోపం లేదు. ఇకమీదట ఎవరి పేరైనా చెప్పేముందు కాస్త ఆలోచించు" అన్నాను.

బుద్ధి కూడా చెప్పేను చూసేరా.

"అలగేనమ్మా" అని తల ఊపింది. మంచినీళ్లు అడగలేదు, నేను ఇవ్వాలని కూడా తోచలేదు. అదే ఆఖరు, మళ్లీ రాలేదు. చెరుకు తోటల్లో కూలికి వెళ్తోందని ఎవరో అన్నారు. మిగతా ఆడవాళ్లు కూడా రావడం మానేసేరు, వాళ్ల కూపన్లూ మురిగిపోయేయి మరి. దేనికోసం చేసేనో అది కూడా దక్కలేదు. దక్కి ఉంటే ఇది రాసేదాన్నా? ఆ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగేను. రాసి ఉండేదాన్ని కాదనే అనిపిస్తుంది.

చోడవరం నుంచి వడ్డాది ఎంత దూరం కనక. ఒకసారి బస్సెక్కేను కూడా. కండక్టరు ఎక్కడికమ్మా అని అడిగితే దిగిపోయేను.

రంగు గట్టిదని చెప్పడం ఒక తప్పు. అది అందరూ చేసే తప్పే అని సర్దిచెప్పుకోగలను, సర్దిచెప్పుకున్నాను కూడా. రెండోది అలా సర్దుకోదు. ఏ పాపం ఎరగని మనిషి నా గుమ్మం ముందు నిలబడి క్షమించమని అడిగింది. నేను క్షమించేను. ఆవిడ కళ్లు తుడుచుకుని, గుండె మీద బరువు దిగినదానిలా నడిచి వెళ్లింది, పాపం.

ఇది మీకు చెప్పేక నాకూ కొంచెం తేలిగ్గానే ఉంది. అది చూస్తేనే సిగ్గేస్తోంది.