స్వెట్టరు వేసుకున్న రైతు

తన చేత్తో నాటిన విత్తనాల్ని తానే భూమిలో ఉడకబెట్టిన మహానుభావుడి కథ ఇది. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇన్నేళ్ళయినా తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

తొంభైల చివర్లో మాట. బీకాం పాసై, ఉద్యోగం రాక, వ్యవసాయాన్ని ఉద్ధరిద్దామని బయలుదేరాను. రాజమండ్రిలో పాత పుస్తకాల బండి మీద ఓ విదేశీ వ్యవసాయ పత్రిక దొరికింది. గింజ నాటాక నేల మీద గాజులా ఉండే ప్లాస్టిక్ షీటు పరిస్తే స్వీట్ కార్న్ ముందుగానే మొలిచి, ముందుగానే కోతకొస్తుందని అందులో రాశారు. పక్కనే నిలువెత్తు పంటలో నవ్వుతూ ఓ రైతు ఫోటో. నాకు పంటే కనిపించింది.

కాలవ గట్టు పక్కన మాకు అరెకరం చెక్క ఉండేది. ఏటా శివరాత్రి వెళ్ళగానే అమ్మ అందులో మినుములు చల్లించేది. ఆ ఏడు అవి మరీ ముఖ్యం. చెల్లి పురిటికి వస్తోంది, సున్నుండలు చెయ్యాలి. పక్కింట్లో ఉన్న తోడికోడలి గడప దగ్గర మినుముల కోసం నిలబడే రోజు రాకూడదని అమ్మ పంతం. అలాంటి చెక్కని నాకిమ్మని మూడు రోజులు నిరాహార దీక్ష చేశాను. మధ్యలో హోటల్లో తిన్న పెసరట్లు లెక్కలోకి రావు.

అమ్మకి చదువు రాదు. పత్రిక తీసుకుని ఆ బొమ్మ చాలాసేపు చూసింది.

"ఈయన స్వెట్టరెందుకు వేసుకున్నాడ్రా?"

"ఫోటో కోసమమ్మా. నీకు తెలీదు, ఊరుకో."

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయిన చలిని కూడా వెతికి తరమాలన్నట్టు నేను చెక్కంతా స్వీట్ కార్న్ గింజలు నాటి, పైన షీటు పరిచి, గాలి దూరకుండా అంచుల మీద మట్టి కప్పాను.

పది రోజులయ్యాయి. షీటు లోపల చెమట పట్టినట్టు నీటిబొట్లు. తుంగ మాత్రం ఏపుగా లేచి షీటుని పైకెత్తింది. మొక్కజొన్న జాడ లేదు. ఓ మధ్యాహ్నం అమ్మ వచ్చి, షీటు ఓ మూల లేపి, నేల మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. ఓ గింజని తవ్వి నొక్కితే మెత్తగా చితికిపోయింది.

"గుగ్గిళ్ళు వండావు కదరా. ఇక తాలింపే తక్కువ."

ఇంటికొచ్చి పత్రిక మొదట్నించీ చదివాను. నేల చల్లగా ఉండి, వేసవి నాలుగు రోజుల్లో అయిపోయే చలి దేశాల కోసం ఈ పద్ధతి అని వ్యాసం మొదటి వాక్యంలోనే ఉంది. అది చదివి చెప్పాక అమ్మ మొహం ఎర్రబడింది.

"అక్షరం ముక్క రాని దాన్ని, నాకు స్వెట్టరు కనపడింది. బీకాం చదివినోడివి, నీకు కనపళ్ళేదా?"

మళ్ళీ మినుములు చల్లుదామంటే వేసవికి కాలవలో నీళ్ళు కట్టేసే రోజులు దగ్గర పడ్డాయి. మేనల్లుడు పుట్టాక గిన్నె పట్టుకుని పెద్దమ్మ గడప దగ్గర నిలబడింది నేనే. అమ్మ వేసిన శిక్ష అది. పెద్దమ్మ మినుములు పోస్తూ, "స్వీట్ కార్న్ ఉండలు చుట్టకపోయారా నాయనా?" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

షీటుని అమ్మ పారెయ్యలేదు. శుభ్రంగా కడిగి, డాబా మీద పరిచి పిండి వడియాలు పెట్టింది. సాయంత్రానికి గలగలలాడాయి.

"పుస్తకం వాడు అబద్ధమాడలేదురా. బాగానే వేడెక్కుతోంది."

అందుచేత గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ పుస్తకంలో ఏ పంట చూసినా, ముందు రైతు ఒంటి మీద ఏముందో చూస్తాను. స్వెట్టరుంటే పుస్తకం మూసేసి, అమ్మకి మినుములు చల్లిపెడతాను.