జిరాక్స్ పిన్ని సైకిల్ గంట

హైస్కూలు గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు ఆవిడ పిల్లలందరికీ పిన్నే. ఆ షాపు ఎంత ఇరుకంటే, మెషీన్ పక్కన పిన్నీ, పిన్ని పక్కన స్టూలు మీద వాళ్ళత్తగారూ కూర్చున్నాక మూడో మనిషి ఊపిరి బిగబట్టుకుని లోపలికి రావాలి. గోడ నిండా సరిగా పడక చెడిపోయిన మ్యాపు కాపీలు అతికించి ఉంటాయి. కౌంటరు చెక్కకు ఒక పాత సైకిల్ గంట బిగించి ఉంటుంది. చూడ్డానికి తుప్పు పట్టినట్టుంటుంది గానీ, కాలేజీకి వెళ్ళే పిల్లలకు ఆ గంటంటే హడల్.

దాని వెనక కథ ఉంది. కాలేజీ దరఖాస్తుల కాలం వస్తే పిల్లలు ఆ షాపు ముందు బారులు తీరతారు. ఈ కాలేజీలో ఎందుకు చేరాలనుకుంటున్నావు అన్న చోట అందరూ సమాజానికి సేవ చేయాలనే రాసుకొచ్చేవారు. కాపీలు తీసీ తీసీ పిన్నికి విసుగొచ్చింది. ఒకరోజు పొడుగ్గా తాటిచెట్టులా ఉన్న ఒక కుర్రాణ్ణి పట్టుకుంది.

“తిన్న కంచం కూడా తియ్యవని మీ అమ్మ మొత్తుకుంటుంటే, నువ్వు సమాజానికి సేవ చేస్తావురా?”

వాడు బుర్ర గోక్కున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే, బడికొచ్చే దారిలో వంతెన కడుతున్నారనీ, అది చూస్తూ నిలబడితే కాళ్ళు కదలవనీ, అందుకే రోజూ ఆలస్యమనీ బయటపెట్టాడు.

“మరి అది చెప్పవేంరా సన్నాసీ!” అంది పిన్ని.

ఇంటర్వ్యూలో వాడు అదే చెప్పాడు, సీటొచ్చింది. అప్పట్నుంచీ పిన్ని షాపే ఇంటర్వ్యూల బడి అయిపోయింది. ప్రశ్నలు పిన్ని అడుగుతుంది. అత్తగారు నమ్మనట్టు మొహం పెట్టుకుని కూర్చుంటారు. ఆ మొహం ముందు తడబడకుండా మాట్లాడితే ఏ ప్రిన్సిపాలూ ఏమీ చెయ్యలేడు. ఇంతకు ముందు ఎవరో చెప్పిన జవాబు నోట్లోంచి వచ్చిందో, పిన్ని గంట కొడుతుంది, ట్రింగ్! మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి. కాపీలు తీసి బతికే మనిషికి కాపీ జవాబంటే అంత మంటేమిటో దేవుడికే తెలియాలి.

అలా సీటు తెచ్చుకున్న వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతి. ఆ అమ్మాయి ఒక సాయంత్రం కాలేజీ నుంచి సరాసరి షాపుకొచ్చి, కౌంటరు మీద దరఖాస్తు పెట్టింది.

“కాపీలెన్ని?” అంది పిన్ని అలవాటుగా.

“కాపీలు కాదు పిన్నీ, నింపండి. సాయంత్రం కోర్సు, భూగోళం. పెద్దవాళ్ళక్కూడా సీట్లున్నాయి.”

“నాకిప్పుడు చదువేంటే, చోద్యం కాకపోతే!” అంటూనే పిన్ని చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని ఆ కాగితం అందుకుంది. హైస్కూలు అవగానే పెళ్ళి, పెళ్ళవగానే షాపు. కాలేజీ లోపల ఎలా ఉంటుందో ఏటా పిల్లలకు పూసగుచ్చినట్టు చెప్పేది గానీ, తను ఆ గేటు దాటిందే లేదు. దాటాలని ఎంత ఉండేదో ఆ సాయంత్రం దాకా తనకే సరిగా తెలియదు.

ఇంటర్వ్యూకు ముందురోజు పిన్నిని కౌంటరుకు అవతల నిలబెట్టారు. రెండు జడల పిల్ల ప్రశ్నలడగడానికి పిన్ని చోట కూర్చుంది. గంట కొట్టే పని అత్తగారికొచ్చింది.

“ఈ వయసులో మీకు చదువెందుకండీ?”

“చదువుకు వయసుతో పనేముందండీ...”

ట్రింగ్!

“జ్ఞానం పెంచుకుందామని...”

ట్రింగ్!

“నా కాళ్ళ మీద నేను...”

“ఇప్పుడు నిలబడింది ఎవరి కాళ్ళ మీదమ్మాయ్?” అని అత్తగారు మరో రెండుసార్లు మోగించారు.

షాపు ముందు మూగిన పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. పిన్నీ నవ్వింది గానీ, వెంటనే మెషీన్ దగ్గరికెళ్ళి, కాగితమేదీ ఇరుక్కోకపోయినా మూత తీసి చూసింది. అన్నేళ్ళుగా అందర్నీ అడిగిన ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదు. ఆమెకు నిజంగానే భయం వేసింది.

మర్నాడు కాలేజీలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ కళ్ళజోడు సవరించుకుని సరిగ్గా అదే ప్రశ్న వేశారు.

“చదువుకు వయసుతో పనేముందండీ...” అని మొదలెట్టింది పిన్ని. ముగ్గురూ మర్యాదగా తలూపారు. ఎవరూ గంట కొట్టలేదు. ఆమెకు అది మరీ భరించరానిదిగా అనిపించింది.

“ట్రింగ్!” అంది పిన్ని, తన నోటితో తనే.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

“క్షమించాలండీ, అది అరువు జవాబు. మళ్ళీ చెప్తాను. మా జిరాక్స్ మెషీన్ అద్దం చిన్నదండీ. మ్యాపు పెద్దదొస్తే సగమే పడుతుంది. ఒక మ్యాపులో ఒక నది ఉంది. కొండల్లోంచి దిగి, వంకర్లు తిరుగుతూ వచ్చి, కాగితం అంచు దగ్గర తెగిపోతుంది. ఆ కాపీ మా గోడ మీదే ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా చూస్తాను. తర్వాత అదెటు పోతుందో తెలుసుకోవాలండీ నాకు.”

“ఏ నది?” అన్నారు మేడమ్, ముందుకు వంగి.

“పేరు కూడా అవతల సగంలోనే ఉండిపోయిందండీ!”

కళ్ళజోడు తీసి మరీ నవ్వారావిడ. పిన్నికి సీటొచ్చింది.

మొదటి క్లాసు అయ్యాక పిన్ని నేరుగా షాపుకొచ్చింది. కాపీల కోసం నిలబడ్డ జనాన్ని అత్తగారు ఒంటిచేత్తో అదుపు చేస్తున్నారు. రెండో చెయ్యి గంట మీదుంది.

“ఏం నేర్చుకొచ్చావ్?”

“చాలా విషయాలు అత్తయ్యా...”

ట్రింగ్!

పిన్ని గోడ దగ్గరికెళ్ళింది. ఆ కాపీ పక్కన, ఖాళీ గోడ మీద వేలు పెట్టి గీసుకుంటూ పోయింది.

“ఇది సముద్రంలో కలుస్తుందనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. కలవదు అత్తయ్యా, క్లాసులో మొత్తం మ్యాపు చూశాను. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చి ఇసుకలో ఇంకిపోతుంది. కానీ దానివల్ల దారంతా చెట్లే!”

అత్తగారు గంట మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“అయితే మొదట్నుంచీ చెప్పు. కొండల దగ్గర్నుంచీ” అని, కాపీల కోసం తోసుకుంటున్న జనం వైపు తిరిగి, “కాసేపు ఆగండయ్యా, మా కోడలు చెప్తోంది!” అన్నారు.