కొండమ్మ తిట్లు తిన్న మధ్యాహ్నం

ఎలీషా రెండో కూతురు క్రిస్టీనా ఎవరో కుర్రాడితో లేచిపోవడానికి మేస్త్రి కొండమ్మే దారి చేసిందని మా పేటంతా చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆ పూట ఆ పిల్ల సత్తెనపల్లిలో పదో తరగతి ఆఖరి పరీక్ష రాస్తోంది. ఆ రోజు చేలో నేనూ ఉన్నాను గనక చెబుతున్నాను.

మిరపకోతలకి ఆడకూలీల్ని ఆటోలో తీసుకెళ్ళే మేస్త్రి కొండమ్మ. బడికెళ్ళాల్సిన వయసులో తల్లి వెంట కోతకెళ్ళిన మనిషి. బండెక్కిన పిల్లని సాయంత్రం గుమ్మంలో దింపేదాకా పూచీ మేస్త్రిదే, అది మా కట్టుబాటు.

ఆ వారం మబ్బు పట్టింది. వాన పడితే కాయ రంగు పోయి తాలైపోతుందని రైతులు కూలి పెంచారు. "ఒక్క పరీక్షేగా, మళ్ళీ రాసుకోవచ్చు" అని ఎలీషా క్రిస్టీనాని కోతకి పంపాడు. పెద్దపిల్ల హెలెన్‌కీ ఇలాగే చెప్పాడు. అది మళ్ళీ రాసిందీ లేదు, బడి మొహం చూసిందీ లేదు.

క్రిస్టీనా హాల్ టికెట్టు అన్నం క్యారేజీలో దాచుకొచ్చింది. కొండమ్మ సత్తెనపల్లిలో ఆటో ఆపించి, తన అక్క కొడుకు ఏసుబాబు మోటార్‌సైకిలెక్కించి పరీక్షకి పంపేసింది. అది చూసినవాడెవడో పొద్దెక్కాక ఎలీషాకి ఫోన్ కొట్టాడు. కుర్రాడి బండి మీద కూతురనేసరికి ఎలీషాకి పరీక్ష మాటే తట్టలేదు.

పన్నెండింటికి చేలోకి దూసుకొచ్చాడు. పరీక్ష అవడానికి ఇంకా ముప్పావుగంట ఉంది.

"నా కూతురేదే?"

కొండమ్మ కాయ కోస్తూనే ఉంది. "సాయంత్రం నీ గుమ్మంలో దింపుతా."

"ఆడపిల్లల్తో బేరాలు మొదలెట్టావా? రేపట్నించి నీ బండి ఎవత్తి ఎక్కుద్దో చూస్తా!"

సాళ్ళలో చేతులన్నీ ఆగిపోయాయి. కూలీలు రాకపోతే కొండమ్మకి బతుకే లేదు. నేను ఉండబట్టలేక "ఒరేయ్ ఎలీషా, పిల్ల..." అన్నానో లేదో, కొండమ్మ నా కాలు తొక్కింది.

"నీ సాలు చూసుకో అత్తా!"

"సత్తెనపల్లంతా గాలిస్తా" అంటూ ఎలీషా తన బండి వైపు నడిచాడు.

కొండమ్మ ఒళ్ళోని కాయలు కింద పోసి లేచింది. "ఏరా, అప్పుడే అయిపోయిందా? పెళ్ళాం ముందు పెగలని నోరు నా ముందన్నా పెగులుద్దేమో, పూర్తిగా అనిపో!"

వాడు గిర్రున తిరిగొచ్చాడు. అనకూడనివన్నీ అన్నాడు. వాడు తగ్గినప్పుడల్లా ఈవిడ ఎగదోసింది. కొట్టేస్తాడేమోనని నేను దగ్గరికి జరిగాను.

ఒంటిగంట దాటాక క్రిస్టీనా పరీక్ష అట్ట పట్టుకుని ఏసుబాబు బండి మీంచి గట్టు మీద దిగింది. ఎలీషా అట్ట వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆటోలో సగంమంది లేరు. కొండమ్మని అడిగేశాను.

"పరీక్షకెళ్ళిందని ఒక్క మాట చెప్పొచ్చుగదే? పైగా పోయేవాణ్ణి పిలిచి మరీ తిట్టించుకున్నావేం?"

"చెప్తే పావుగంటలో వెళ్ళి దాన్ని లాక్కొచ్చేవాడు అత్తా. నన్ను తిట్టినంతసేపూ ఇక్కడే ఉంటాడు గదా."