పసుపు పెట్టి కోయని చెట్టు

ఈ రోజు పొద్దున పక్క తోటలో మెషీన్ రంపం మోగింది. వినగానే గొలుసు పళ్ళు మొద్దుబారాయని తెలిసింది. పదునున్న రంపం కొమ్మలోకి తనంతట తాను దిగుతుంది, చెక్కను తునకలుగా రాలుస్తుంది. మొద్దుబారినది మూలుగుతూ పిండిలాంటి పొట్టు రాలుస్తుంది, కాసేపటికి చెక్క మాడిన వాసన వస్తుంది. ఆ వాసన గట్టు దాటి మా వంటింటిదాకా వచ్చింది. నాకు వెంకటరవణప్ప గుర్తుకొచ్చాడు. ఆయనే ఉండి ఉంటే, ఎవరూ పిలవకపోయినా ఆ తోటలోకి వెళ్ళి, రంపం ఆపించి, యజమానిని నాలుగు తిట్టి, ఆకురాయి చేతబట్టుకుని కూర్చునేవాడు.

చింతామణిలో, శిడ్లఘట్టకు వెళ్ళే దారిలో ఆయనకు ఒక అంగడి ఉండేది. మెషీన్ రంపాలు అమ్మేవాడు, బాగు చేసేవాడు, మనుషులను వెంటబెట్టుకుని తోటల్లో కొమ్మలు కోయించేవాడు. పొట్టి మనిషి, బొజ్జ, ఎప్పుడూ మెరిసే తోలు బూట్లు. ఆ బూట్లంటే మహా గర్వం. ఆయన పంచె కట్టగా ఎవరూ చూడలేదు. కూతురి పెళ్ళిలో కన్యాదానం కూడా ప్యాంటుతోనే చేశాడనీ, పురోహితుడు గొణిగితే, "ఈ కాళ్ళు నాకింకా కావల్ల స్వామీ" అన్నాడనీ చెప్పుకుని నవ్వుకునేవారు.

మా ఇంటి గురించి కూడా కొంత చెప్పాలి. ఒకప్పుడు మా పొలాలు దాటకుండా చుట్టుపక్కల ఏ ఊరికీ వెళ్ళే దారి ఉండేది కాదు. నా కాలానికి మిగిలింది ముత్తాత నాటించిన మామిడి తోట ఒక్కటే. ఆ చెట్లూ ముసలివయ్యాయి. కొమ్మలు ఒకదానిమీద ఒకటి కమ్ముకుని, లోపలికి ఎండ దిగక, కాపు మానేశాయి. ప్లైవుడ్ వ్యాపారులు మొదలంటా కొంటామని వచ్చిపోతుండేవారు. పై కొమ్మలన్నీ కోసి మోడుగా వదిలితే కొత్త చిగుళ్ళు వేసి, కొన్నేళ్ళకు మళ్ళీ కాస్తాయని తోటల శాఖవారు చెప్పారు. తోట దక్కాలంటే అదొక్కటే దారి. నాన్నగారిని ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. ఒప్పుకున్నాక కూడా ఒక షరతు పెట్టారు. మా తోటలో చెట్టు కోయాలంటే పసుపు కుంకుమ పెట్టి, మొదటి ఏటు ఇంటి పెద్ద వేయాలి. గొడ్డళ్ళ కాలం నుంచీ వస్తున్న ఆచారం అది.

మా తోట పని మేమే చేసుకోవాలన్న పట్టుదలతో రంపం కొనడానికి వెళ్ళాను. వెంకటరవణప్ప నన్ను తల నుంచి పాదాలదాకా ఒకసారి చూశాడు. ఎవరి చేతికి రంపం ఇచ్చేముందయినా అలాగే చూసేవాడని తరువాత తెలిసింది. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు మండింది.

"నేర్చుకోకుండా ఇయ్యను. రేపు చీరతో రావద్దు తల్లీ. ఆ జడ కూడా టోపీ లోపలికి పోవల్ల."

మా వంశం వాళ్ళతో అలా మాట్లాడేవారు అప్పటికింకా తక్కువే. అయినా మరునాడు ప్యాంటు వేసుకుని వెళ్ళాను. ఆయన ఒక నూనె డబ్బా మీద కూర్చోబెట్టాడు. ముందు రంపం విప్పడం నేర్చుకోవాలి, పట్టడం ఆ తరువాత అన్నాడు. గాలి ఫిల్టరు దులపడం, గొలుసు నడిచే బద్దె గాడిలో ఇరుక్కున్న పొట్టు గీకడం, చేతి తొడుగులతో గొలుసు లాగి బిగువు చూడడం, ప్రతి పంటికీ ఆకురాయిని ఒకే వాలులో, ఒకే వైపుకు నడపడం. చెప్పి వదిలేసేవాడు కాదు. నేను సరిగ్గా చేసేదాకా వక్క నములుతూ ఎదురుగా నిలబడేవాడు. ఒకసారి వేడి ఇంజనులో పెట్రోలు పోయబోతే నా చేయి పట్టి ఆపాడు.

"అది చల్లారేదాకా నువ్వూ కూచో. నీకూ చల్లారేది ఉండాది," అన్నాడు.

పనివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. కానీ పెట్రోలు పోసిన చోటికి దూరంగా జరిగి, రంపాన్ని నేలమీద పెట్టి, బ్రేకు వేసి, వెనుక పిడిలో కాలు తొక్కిపెట్టి ఇంజను తాడు లాగడం అక్కడే అలవాటయింది. బద్దె కొన కొమ్మకు తగిలితే రంపం ముఖం మీదికి ఎగురుతుందని, భుజం దాటిన ఎత్తుకు దాన్ని ఎత్తకూడదని అక్కడే తెలిసింది.

కోత రోజున నాన్నగారు జరీ అంచు పంచె, ఉత్తరీయంతో పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. పక్క తోటలవాళ్ళు కూడా చూడడానికి చేరారు. గట్టు దగ్గరి చెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నమస్కరించి, నడుమెత్తున ఉన్న ఒక కొమ్మను చూపించి రంపం కోసం చేయి చాచారు. కోత దగ్గరుండి చేయించడానికి వచ్చిన వెంకటరవణప్ప ఆయననూ తల నుంచి పాదాలదాకా చూశాడు.

"పంచె కట్టినోళ్ళకు రంపం ఇయ్యనప్పా," అన్నాడు అందరికీ వినబడేలా. "ప్యాంటు వేసుకోని రాండి."

"ఇది మా తోట," అన్నారు నాన్నగారు.

"తోట మీదే. కాళ్ళూ మీవే. రంపం పట్టించేది నేను."

ఎవరో నవ్వారు. ఆ నవ్వే అంతా చెడగొట్టింది. గొడ్డలి తెప్పిస్తాను, ఆచారం దానితోనే కానిద్దామన్నాను. నాన్నగారు వినిపించుకోలేదు. ఉత్తరీయం సర్దుకుని, నిటారుగా నడుస్తూ ఇంటికి వెళ్ళిపోయారు. నేను వెంట వెళ్ళబోతుంటే వెంకటరవణప్ప టోపీ నా చేతిలో పెట్టాడు.

"మొదటి ఏటు ఇంటోళ్ళదే కదా. నువ్వు ఆ ఇంటిదానివి కాదా?"

రెండో చెట్టు దగ్గరికి వెళ్ళి, బెరడు చీలకుండా ముందు కొమ్మ కింద చిన్న కోత పెట్టి, తరువాత పైనుంచి కోశాను. పసుపు పెట్టిన చెట్టును మాత్రం ఆయన ఎవరినీ తాకనివ్వలేదు. అది పెద్దాయనదనీ, ఆయన ప్యాంటు కుట్టించుకుని వచ్చేదాకా ఉండనీయమనీ అన్నాడు.

నాన్నగారు మళ్ళీ తోటలో అడుగు పెట్టలేదు. మోడులు చిగిర్చాయి, గుబురెత్తాయి. వెంకటరవణప్ప ఏటేటా వచ్చి నా రంపం విప్పి చూసేవాడు. వెళ్ళేముందు పసుపు చెట్టు వైపు తిరిగి, "పెద్దాయన ఇంకా కుట్టించలేదా?" అనేవాడు. మొదట్లో అది ఎగతాళి. పోను పోను నిజంగానే అడిగేవాడు. నాన్నగారు తోటకు వెళ్ళలేదు, ఆయన ఇంటికి రాలేదు.

మొదటి కాపు పళ్ళు ఇంటికి తెచ్చినప్పుడు నాన్నగారు ఒకటి తీసుకుని వాసన చూసి, తిరిగి బుట్టలో పెట్టేశారు. ఆ సాయంత్రం దీపం పెట్టే వేళ, నా వైపు చూడకుండా అడిగారు.

"ఆ రంపమోళ్ళు వేసుకునే ప్యాంటు ఏం గుడ్డతో కుడతారు?"

దళసరి గుడ్డ అనీ, చింతామణి దర్జీ ఇంటికే వచ్చి కొలతలు తీసుకుంటాడనీ చెప్పాను. ఊరికే అడిగానన్నారు. ఆ వానాకాలంలోనే జ్వరం వచ్చి పోయారు.

పలకరించడానికి వచ్చిన వెంకటరవణప్పకు ఆ ప్రశ్న సంగతి చెప్పాను. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. తరువాత తన అన్న గురించి మొదటిసారి చెప్పాడు. పంచె చెంగు గొలుసులో పడి, రంపం తొడ మీదికి వచ్చిందట. ఆసుపత్రి చేరేదాకా కూడా ప్రాణం నిలవలేదట.

"రంపం అయితే ఇచ్చుండనమ్మా. అప్పుడూ ఇయ్యను, ఇప్పుడూ ఇయ్యను. అయితే పక్కకు పిల్చి మా అన్న సంగతి చెప్పుండొచ్చు. నలుగుర్లో అనేస్తి."

ఇప్పుడు ఆయనా లేడు. ఆ అంగడిలో ఫోన్లు అమ్ముతున్నారు.

పొద్దున ఆ మాడు వాసనకు పక్క తోటకు వెళ్ళాను. యజమాని పెద్దవయసు మనిషి. పనివాళ్ళందరి మధ్య, పంచె ఎగగట్టి, రంపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆపమని చేయి ఊపాను. పనివాళ్ళకు వినబడనంత దూరం తీసుకెళ్ళి, వెంకటరవణప్ప అన్న సంగతి మెల్లగా చెప్పాను. ఆయన తన పంచె వైపు చూసుకున్నాడు.

"ఇంత మాటకు ఇంత దూరం నడిపిస్తివా తల్లీ," అని, కొడుకు ప్యాంటు వేసుకురావడానికి ఇంటికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోగా గొలుసుకు పదును పెట్టాను.

తిరిగి వస్తుంటే గట్టు దగ్గర మా చెట్టు ఎదురైంది. పసుపు ఏనాడో వానలకు కడుక్కుపోయింది. కాండంలో పురుగు చేరింది. ఇంకా ఎందుకు ఉంచావు, కోసెయ్యమని అందరూ అంటారు. అది నాన్నగారి చెట్టు.