తాతకి చెప్పిన ఆట

గదంతా కొత్త ప్లాస్టిక్ వాసన, దాంతోపాటు థర్మోకోల్ విరిగినప్పుడు వచ్చే పొడి వాసన. అరసవల్లిలో నేనొక్కదాన్నే ఉండే ఈ మేడమీది గదిలో, ఆదివారం మధ్యాహ్నం, ఇరవై ఏడంగుళాల గేమింగ్ మానిటర్ బల్ల మీద కొత్త చుట్టంలా బిగుసుకుని నిలబడింది.

దీన్ని ఎంచుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. నా అద్దాల పవర్ పద్నాలుగు. ఎచ్చెర్లలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పుస్తకం వీపు మీది నంబరు చదవాలన్నా ముక్కుకి ఆనించుకోవాల్సిందే. శ్రీకాకుళంలో షాపాయన ముందుగా అన్నిటికంటే ఖరీదైనది చూపించాడు.

"ఇది ఫోర్ కే మేడమ్. అక్షరం ఎంత సన్నగా, నున్నగా వస్తాదో సూడండి."

"సన్నగా వద్దండీ, నాకు లావుగా కావాలి."

ఆయన నవ్వాడు, తర్వాత నా అద్దాల మందం చూసి నవ్వు ఆపేశాడు. "పిల్లలకా మేడమ్?" అనడిగితే నాకేనన్నాను. చుక్కలు, అంటే పిక్సెళ్ళు, తక్కువున్న తెర అయితే అక్షరాలు పెద్దవిగా వస్తాయి. తళతళలాడే తెరలో ట్యూబులైటూ నా మొహమూ తప్ప ఏమీ కనపడవు కాబట్టి మెరుపు లేనిది కావాలి. ముప్ఫై రెండంగుళాలదైతే జానెడు దూరంలో కూర్చునే నాకు ఈ మూల నుంచి ఆ మూలకి మెడ తిప్పడంతోనే సరిపోతుంది. వంపు తిరిగిన తెరకైతే మూలలు వాటంతటవే నా వైపు వస్తాయి. దానికి ముందుకి లాక్కోగలిగే ఇనప చెయ్యి ఒకటి. ఇవన్నీ తేల్చుకునేలోగా షాపులో ఉన్న ప్రతి తెరకీ ముక్కు ఆనించి చూశాను, వెనకనున్నవాళ్ళు మాటలాపి నన్ను చూశారు.

తెరకి మొహం ఆనించడం నాకు ఎనిమిదో ఏట మొదలైంది.

బొబ్బిలి దాటాక మా ఊరు. వేసవి సెలవులొచ్చేసరికి మా పెంకుటింట్లో ఒక గది నిండా గడ్డిలో మాగేసిన మామిడికాయలు, వాటి వాసన దుప్పట్లకీ పుస్తకాలకీ చివరికి మంచినీళ్ళకీ పట్టేసేది. పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుంటూ రాగులతో కాచిన చోడి అంబలి, మధ్యాహ్నం చేతులకి నూనె రాసుకుని ఒలుచుకున్న పనసతొనలు, సాయంత్రం నీళ్ళు చల్లిన వాకిలి మీంచి లేచే మట్టి వేడి. మా నాన్నకి నాన్న, అప్పలనాయుడు తాత, ఎండెక్కాక వీధి అరుగు మీద పడుకుని, మూసిన కళ్ళ మీద చెరో నందివర్ధనం పువ్వూ పెట్టుకునేవాడు. ఒక కంటికి నీటికాసులొచ్చి చూపు పూర్తిగా పోయింది, రెండో కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా కంటికి చలవ అని ఆ పువ్వులు మానలేదు.

ఆ ఏడాది మా పెదనాన్న కొడుకు సత్తిబాబన్నయ్యకి టీవీకి తగిలించుకునే గేమ్ వచ్చింది. నడిమింట్లో పిల్లలందరూ చాప మీద చేరేవారు. నేను తెర ముందుకెళ్ళి కూర్చుంటే వెనక నుంచి కేకలు. "ఒసే, బుర్ర తియ్యే! మాకేటీ అవుపించట్లేదు." చివరికి అన్నయ్య గచ్చు మీద సుద్దతో గీత గీసి, దాన్ని దాటొద్దన్నాడు. గీత ఇవతల నుంచి చూస్తే నాకు టీవీ అంటే కదిలే రంగులు, అంతే. లోకం అందరికీ అలాగే కనపడుతుందనీ, నాకు మాత్రమే ఆడటం చేతకాదనీ అనుకున్నాను. నన్ను జతగా తీసుకోవడానికి ఎవరూ ఒప్పుకోకపోయేసరికి, వెళ్ళి అరుగు మీద, కిటికీ కింద, తాత పక్కన కూర్చున్నాను.

"లోపలేటవతన్నాదే అమ్మీ?" అన్నాడు తాత.

కిటికీలోంచి చప్పుళ్ళు వస్తున్నాయి. టింగుమంటే ఆటలో మనిషి ఎగిరాడని, జుయ్యిమంటే పడిపోయాడని అప్పటికే నాకు తెలుసు. మిగిలింది నేనే కల్పించాను. ఒక నది, నది మీద తాళ్ళ వంతెన, అవతల గట్టున నల్లటి ఏనుగు. తాత లేచి కూర్చున్నాడు. "వంతెన తెగిపోద్దేటే? మరాడేటి సేస్తాడు?" అని అడిగేవాడు. మర్నాటి నుంచి భోజనం కాగానే కండువాతో అరుగు దులిపి నా కోసం చోటు ఉంచేవాడు. నెల పొడుగునా ఆ ఏనుగు గట్టు దిగింది, నది ఈదింది, అడవిలో తప్పిపోయి మళ్ళీ దొరికింది. ఇంట్లో నా మాట కోసం ఎదురుచూసిన మనిషి ఆయనొక్కడే.

ఒకరోజు పెద్దమ్మకి తలనొప్పిగా ఉందని అన్నయ్య టీవీ సౌండు పూర్తిగా తగ్గించేశాడు. నేను చెప్పడం ఆపేశాను.

"ఆగిపోనావేటే?"

"సౌండు లేదు కదా తాతా."

"సౌండు లేకపోతే ఏటి? నువ్వు కిటికీలోంచి సూసి కదా సెప్తన్నావు?"

తాత నన్ను అరుగు ఆ చివరనున్న స్తంభం దగ్గర నిలబడమన్నాడు. తన చెయ్యి పైకెత్తి, వేళ్ళు చాపి, "ఎన్ని ఏళ్ళే?" అన్నాడు. నాకు చెయ్యే సరిగ్గా తెలియలేదు. నాలుగన్నాను. ఆయన ఎత్తినవి రెండు. ఆ చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

మర్నాడు పొద్దున్నే ఎవరు చెప్పినా వినకుండా నన్ను తీసుకుని విజయనగరం బస్సెక్కాడు. బస్సు బోర్డు ఇద్దరిలో ఎవరమూ చదవలేం. వచ్చిన ప్రతి బస్సు దగ్గరా తాత గొంతెత్తి అడిగాడు, నేను ఆయన వేలు పట్టుకున్నాను. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే, నాకు అక్షరాలే కాదు, గోడ మీద పలకొకటి ఉందని కూడా తెలియలేదు.

అద్దాలొచ్చిన రోజు నేరుగా నడిమింట్లోకి పరిగెత్తి, గీత ఇవతలే కూర్చుని గేమ్ చూశాను. బొటనవేలంత మనిషి. నాలుగు ఇటుకలు. కింద నీలం గీతలు. అన్నయ్య రెండో రిమోట్ నా చేతిలో పెట్టి, "ఆడు, సూద్దాం," అన్నాడు. మొదటిసారే రెండు లెవెళ్ళు గెలిచాను. ఆ సంతోషంతో అరుగు మీదకెళ్ళి చూసినది చూసినట్టు తాతకి చెప్పాను.

"మరి ఏనుగో?"

"ఏనుగు లేదు తాతా. ఎప్పుడూ లేదంట."

తాత మొహం నాకు మొదటిసారి స్పష్టంగా కనపడింది. గడ్డం మీద తెల్లటి ముళ్ళు, కనురెప్పల దగ్గర ఎండిన నీటి చార. "సర్లేవే," అన్నాడు. "నీకవుపిస్తన్నాది కదా, అదే సాలు."

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సెలవులు అయిపోయేదాకా నేను లోపల ఆడుతూనే ఉన్నాను. కిటికీ అవతల ఆయన దగ్గు వినపడేది. లేచి వెళ్ళాలని అనుకునేదాన్ని, ఈ ఒక్క ఆటా అయ్యాక. ఆ వానాకాలం వరి ఉడుపులు ముగియకముందే తాత పోయాడు.

మానిటర్ బిగించడం పూర్తయ్యాక, గాజువాకలో ఉన్న సత్తిబాబన్నయ్యకి ఫోన్ చేశాను. తెర కొన్నానంటే, "ఈ వయసులో గేమ్సేటే!" అని నవ్వాడు. నడిమింటి ఆటలు గుర్తున్నాయంటూ ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాడు. తాతకి నేను కథ చెప్పడం గుర్తుందా అని అడిగాను.

"తాతకా? నాకు తెలీదే. మేం లోపలుండేవోళ్ళం కదా. ఏం కథే?"

చెప్పడం మొదలుపెట్టాను. అంతలో అతన్ని ఎవరో పిలిచారు, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. ఆ ఇల్లు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందుగా అరుగు పోయింది, తర్వాత మిగతాది అమ్మేశారు. అక్కడ రోజూ ఇద్దరం కూర్చునేవాళ్ళమని తెలిసిన మనిషి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

తెరని దగ్గరికి లాక్కుని గేమ్ పెట్టాను. కొండ మీద గడ్డి గాలికి ఊగుతోంది, ఒక్కో పోచా విడివిడిగా. ఇంత బాగా నాకెప్పుడూ ఏదీ కనపడలేదు. ఆ మాట తాతకి చెప్తున్నట్టు పైకే అన్నాను.