తలగుడ్డ కింది రంగు

1984లో నరసరావుపేటలో మస్తాన్ గారి దగ్గర ఆయిల్ పోర్ట్రెయిట్లు నేర్చుకుంటున్నాను. ఆయన బతుకుతెరువు సైన్‌బోర్డులు, ప్రాణం మాత్రం మనుషుల ముఖాలు. పోయినవారి చిన్న ఫోటో తెచ్చి, గోడకు పెట్టుకునేంత బొమ్మ వేయించుకునే రోజులవి. ఫోటో మీద, కాన్వాస్ మీద గళ్ళు గీసి, ఒక్కో గడినీ పెద్దది చేస్తూ పోతాం. దాన్నే గ్రాఫ్ అంటాం. ఫోటోలు నలుపు తెలుపు కాబట్టి ఒంటిరంగు మా ఇష్టం. అందరికీ ఒక చాయ పెంచి వేయడం మా వృత్తిలో మర్యాద.

నాకు సొంతంగా అప్పగించిన మొదటి ఫోటో ఈపూరు రాములమ్మ తెచ్చింది. ఆమె భర్త మిరప రైతు. కూతురు కడుపులో ఉండగానే పోయాడు. పెళ్లినాటి ఫోటో ఒక్కటే మిగిలింది. అందులో బొటనవేలంత ముఖం, అదీ పౌడరు కొట్టి తీసింది.

"పిల్లకి నాలుగో ఏడయ్యా. మా నాన్న ఎట్టుంటాడని అడగతంది. నువ్వే చూపియ్యాల" అంది.

ఎనిమిది రోజులు కూర్చున్నాను. మీసం వెంట్రుక వెంట్రుకా తేల్చి, నాకు నేనే మురిసిపోయాను. రాములమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"చానా బాగుందయ్యా. ఈయనెవురు?"

నాకు చిర్రెత్తింది. ఫోటో పక్కన పెట్టి గడి గడీ కొలిచి చూపించబోయాను. మస్తాన్ గారు ఆపారు.

"ఒరేయ్, మనం చూసింది ఫోటోని. ఆయమ్మ చూసింది మనిషిని. ఇనుకో."

"ఇంత తెలుపేంది? ఎండకి మాడిన మొహం ఆయనది" అంది రాములమ్మ. "తలగుడ్డ కట్టే కాడ మాత్తరం నుదురు తెల్లగుండేది, గీత గీసినట్టు. ఎండలో చికిలించి చికిలించి కళ్ల పక్కన ముడతలు."

అక్షరం ముక్క రాని మనిషి. ఆరేళ్లు కుంచె పట్టినా నాకు అంత చూపు లేదని సిగ్గేసింది.

ఆయిల్ రంగు త్వరగా ఆరదు, అదే నన్ను కాపాడింది. పాలెట్ నైఫ్‌తో, అంటే రంగులు కలిపే రేకు కత్తితో, ముఖమంతా గోకేశాను. బర్న్ట్ సియెన్నా అనే కాలిన మట్టిరంగు పట్టించి, తలగుడ్డ మేర నుదురు తెల్లగా వదిలాను. రాములమ్మ రెండు రోజులు పక్కనే కూర్చుని "ఇంకా నలుపు, ఇంకా" అంటూనే ఉంది.

బొమ్మ ఆరాక కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఏమే, ఇదిగో మీ నాన్న. ఇప్పుడే చేలోంచి వచ్చినట్టున్నాడు చూడు" అంటూనే ఏడ్చేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

ఆ తర్వాత ఎవరు ఫోటో తెచ్చినా, "ఈయన ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాకే రంగు కలిపాను.