రెండూ మోయని జనరేటరు

మా వీధి చివరి ఇంట్లో నిన్న పొద్దున ఒక పెద్దాయన పోయాడు. కూతురు భువనేశ్వర్ నుంచి రైల్లో వస్తోందట. ఆమె వచ్చేదాకా శవాన్ని ఉంచాలని ఇంటి ముందు షామియానా వేసి ఐస్ బాక్సు తెచ్చి పెట్టారు. మే నెలలో నరసరావుపేట కరెంటును నమ్ముకోవడం కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే కాబట్టి, పక్కనే ఒక జనరేటరు కూడా దించారు. దాని దడదడ మా వంటింట్లోకి వినిపిస్తోంది. డీజిల్ పొగ కిటికీలోంచి వచ్చి తాలింపు వాసనను మింగేసింది. మా ఆయన కిటికీ మూయమన్నాడు. నేను మూయలేదు. ఆ పొగ పీలిస్తే నాకు శౌరమ్మ మేడం గుర్తొస్తారు. గుర్తొస్తే మనసు బాగుండదు, గుర్తు రాకపోతే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మీలో ఎవరూ ఆవిడను ఎరగరు. అంత పేరు ఆవిడకు రాలేదు. మా ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పేవారు. సొంతూరు రెంటచింతల, ఎండల వార్త రాసినప్పుడల్లా పేపర్లో కనిపించే ఊరు. "మా ఊళ్ళో పుట్టినోళ్ళకి నరకం కొత్తగా ఏమీ ఉండదే" అనేవారు, ఆదివారం చర్చిలో పూజకు తప్పకుండా వెళ్ళే మనిషి అయి ఉండీ. హైదరాబాదులో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుని, అక్కడే ఉద్యోగం ఇస్తామన్నా కాదని ఇక్కడికి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "టైం లేక" అని చెప్పేవారు. మళ్ళీ అడిగినవాళ్ళకు వేరే జవాబు ఉండేది, అది ఇక్కడ రాయలేను. పొట్టి మనిషి, గట్టి గొంతు. వరండా ఈ చివర తిడితే ఆ చివర పిల్లలు సర్దుకుని కూర్చునేవారు.

ఆవిడ పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఎండ ముదిరిందని మిరపాకులోని కణానికి ఎలా తెలుస్తుంది? నేను ఆవిడ దగ్గర పరిశోధనకు చేరిన రోజు ఆ ప్రశ్నను నా ముందు పెట్టిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

"ఏమే శేషూ, మీ ఇంటికి చావు కబురు ఎట్టా వచ్చిద్ది?"

"ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి చెబుతారు మేడం."

"గుమ్మంలో చెప్తే వంటింట్లో ఉన్న మీ అమ్మకి ఎట్టా తెలిసిద్ది?"

"నేను లోపలికి పరిగెత్తి చెబుతాను."

"అదే సంగతి. కణానికీ అంతే" అన్నారు.

కణం చుట్టూ ఉండే పొరలో ఇనోసిటాల్ లిపిడ్లు అనే కొవ్వు అణువులు కొద్దిగా ఉంటాయి. బయటి నుంచి కబురు తగలగానే ఒక ఎంజైము వాటిని రెండు ముక్కలుగా కోస్తుంది. ఒక ముక్క గుమ్మంలోనే, అంటే పొరలోనే ఉండిపోతుంది. రెండోది లోపలికి పరిగెత్తి, దాచిపెట్టి ఉన్న కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. దాంతో ఇల్లంతా లేస్తుంది. జంతువుల కణాల్లో ఇది ఎప్పుడో తేలింది. మొక్కల్లో మాత్రం ఆ లోపలికి పరిగెత్తేది ఏమిటో ఇంకా తేలలేదు. తన మిరప విషయంలో అది తేల్చి పోవాలని మేడం పంతం. "కబురు చెప్పాక దాన్ని వెంటనే చెరిపేసిద్ది కణం. లేకపోతే ఏడుస్తానే ఉండిద్ది, బతకదు" అని కూడా ఆ రోజే చెప్పారు.

కబురు అంత త్వరగా చెరిగిపోతుంది కనుకే మా పనిలో తొందరంతా. ఆకు తుంచిన క్షణంలో గడ్డకట్టించకపోతే లోపల ఏం జరిగిందో తెలిసే దారి లేదు. అందుకు కావలసిన ద్రవ నైట్రోజన్ మా కాలేజీకి ఎవరిస్తారు? మేడం దారి మేడం వెతుక్కున్నారు. గేదెలకు చూడి కట్టించే సూదుల మందు నిలవ ఉంచడానికి పశువుల ఆసుపత్రిలో నైట్రోజన్ క్యాను ఉంటుంది. అక్కడి డాక్టరును బతిమాలి మా క్యానులోకి కాస్త పోయించుకునేవాళ్ళం. ఆ క్యాను ఒళ్ళో పెట్టుకుని మాచర్ల బస్సులో రెంటచింతల వెళ్ళేవాళ్ళం. అక్కడ మేడం వాళ్ళ పెరట్లో, బోరు నీళ్ళతో సంచుల్లో బతికించుకొచ్చిన మిరప మొక్కలు ఉండేవి. ఊరంతా మిరప కోసి, కల్లాల్లో ఎండబెట్టి అమ్ముకుని ఖాళీగా ఉన్న రోజుల్లో ఈవిడ పచ్చని మొక్కలు పెంచడం అక్కడివాళ్ళకు పెద్ద వినోదం.

"ఏంది శౌరమ్మక్కా, మే నెలలో మిరప కాపు కాస్తదా?" అని గోడ మీద నుంచి ఒకామె అడిగేది.

"కాయల కోసం కాదులేవే. అది ఎట్టా ఏడుస్తదో చూద్దామని" అనేవారు మేడం.

మిట్టమధ్యాహ్నం నెత్తిన తడి తువాలు వేసుకుని ఆవిడ ఆకు తుంచేవారు, నేను క్యాను మూత తీసేదాన్ని. తెల్లటి పొగ లేచేది. వేళ్ళు ఒకవైపు కాలి, ఇంకోవైపు కొంకర్లు పోయేవి. అలా ఎన్నో ఎండాకాలాలు పోగుచేసిన ఆకులు మా ల్యాబులో డీప్ ఫ్రీజరులో ఉండేవి. కరెంటు పోయినా అవి కరగకూడదని ప్రాజెక్టు డబ్బుతో ఒక చిన్న జనరేటరు కొన్నారు. అది ఆ ఫ్రీజరు కోసమే. ఆఖరికి హైదరాబాదులో, ఆ లిపిడ్లను కొలిచే యంత్రం ఉన్నచోట, జూన్‌లో మాకు రోజులు ఇచ్చారు. మరుసటి ఏడు మేడం రిటైర్మెంటు. ఆవిడ జీవితమంతా, నా థీసిస్ అంతా ఆ ఫ్రీజరులో ఉన్నాయి. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఆ మే నెలాఖర్న గాలివాన వచ్చింది. స్తంభాలు విరిగి ఊరంతటికీ కరెంటు పోయింది. మేం జనరేటరు వేసుకుని కూర్చున్నాం. ఆ మధ్యాహ్నమే హనుమయ్య వచ్చాడు. కాలేజీ గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకునే నాగమ్మ కొడుకు. నాగమ్మ తెల్లవారుజామున పోయిందని మాకు అప్పటికే తెలుసు. ఆమె కూతురు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తుంది, మర్నాటికి గానీ రాలేదు. బాక్సు తెచ్చారు గానీ కరెంటు లేదు. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఊళ్ళో అద్దె జనరేటర్లన్నీ కల్యాణ మండపాలకు పోయాయి.

"మేడంగారూ, ఒక్క రోజు. చెల్లి వచ్చిందాకా. అమ్మ మొహం చూసుకోవాలంట, ఫోన్లో ఏడుస్తా ఉంది" అన్నాడు.

నేనే ముందు నోరు తెరిచాను. బాక్సునే ఇక్కడికి తెస్తే రెండూ నడుపుకోవచ్చు కదా అన్నాను. హనుమయ్య నా వైపు వింతగా చూశాడు. "గడప దిగిన శవం ఇంకెక్కడన్నా ఆగిద్దా అమ్మా? దిగితే కాటికే" అన్నాడు. పోనీ తెచ్చినా ఆ చిన్న జనరేటరు రెండూ మోయదని మేడం అన్నారు. ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను, వాళ్ళకూ కరెంటు లేదు. పశువుల ఆసుపత్రిలో నైట్రోజన్ అయిపోయింది, దారిలో చెట్లు పడి బండి రాలేదు. నేను ఒక్కో దారీ వెతుకుతుంటే మేడం ఫ్రీజరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆవిడ పెదవులు కదిలాయి, ప్రార్థనో లెక్కో నాకు తెలియలేదు.

"తీసకపో" అన్నారు.

"మేడం, నా థీసిస్" అన్నాను.

"తెలుసు. నాగమ్మ కూతురు రేపు వచ్చి, మొహం లేని శవాన్ని చూడాలా? ఈ ఎండకి సాయంత్రానికి ఏమయిద్దో నీకు చెప్పాల్నా?"

జనరేటరును వాళ్ళు రిక్షా మీద ఎక్కించుకుని వెళ్ళారు. మేం ఫ్రీజరు చుట్టూ దుప్పట్లు కప్పాం. ఎవరైనా చూస్తే నవ్వుతారు.

మర్నాడు మధ్యాహ్నం కూతురు వచ్చింది. మేమూ అక్కడే ఉన్నాం. బాక్సు అద్దం మీద చెమట పట్టి ఉంటే ఆ పిల్ల చున్నీతో తుడిచి, తల్లి మొహానికి ఎదురుగా తన మొహం ఆనించి అలాగే ఉండిపోయింది. ఎవరూ లేపలేదు. అప్పటికి కూడా కరెంటు రాలేదు. మేం ల్యాబుకు వచ్చి ఫ్రీజరు తెరిస్తే వెచ్చటి పచ్చి వాసన కొట్టింది. గొట్టాల్లో ఆకులు ఉడికిన గోంగూర మాదిరి అయిపోయాయి. మేడం ఒక్కొక్కటే తీసి, మూత తిప్పి చూసి, బకెట్లో వేశారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. తర్వాత ఆ గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టారు, మళ్ళీ వాడబోతున్నట్టు.

మళ్ళీ వాడలేదు. హైదరాబాదువాళ్ళకు రావడం లేదని ఫోన్ చేశారు. ప్రాజెక్టు గడువు అయిపోయింది, రిటైరయ్యే మనిషికి కొత్తది ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ వెళ్ళాక ఆ గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు పెట్టారు. నేను పరిశోధన మానేసి ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో చేరాను. రోజూ షుగరు, థైరాయిడ్ పరీక్షలు. మేడం నా బతుకు గురించి నన్ను అడగకుండా తీర్పు చెప్పారని కొన్నాళ్ళు కోపంగా ఉన్నాను. ఆ కోపం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

చివరిసారి రెంటచింతల వెళ్ళినప్పుడు పెరట్లో ఆ సంచులు అలాగే ఉన్నాయి, మట్టి గట్టిపడి బీటలు వారి. ఆవిడ బాగా చిక్కిపోయారు. ఇనోసిటాల్ మీద కొత్తగా వచ్చిన పేపర్ల గురించి చెప్పబోతే చేత్తో వద్దన్నారు.

"బాధగా ఉందా మేడం?"

"ఉంది. చానా ఉంది. చెప్తే తగ్గిద్దా? ఇప్పుడు అడిగితే జనరేటరు ఇయ్యనే" అన్నారు. "మంచిపని చేశావన్నారు గదా అందరూ. ఆ మాట నాకు అన్నంలోకి రాలా, నిద్దరలోకి రాలా. ఒక్క ఆకు సంగతి కూడా తెలవకుండానే పోతన్నా."

ఇద్దరం ఆ ఎండలోకి చూస్తూ కూర్చున్నాం.

పోయిన మేలో ఆవిడ పోయారు. వడదెబ్బ కాదు, గుండె. వాళ్ళ తమ్ముడు ఇన్నారెడ్డిగారి ఫోన్ నాకు సాయంత్రం వచ్చింది. మొదటి బస్సుకే బయల్దేరతాను, పొద్దున్నే అక్కడుంటాను, బాక్సు తెప్పించి ఉంచండి అని ఒక్క గుక్కలో చెప్పాను.

"మట్టి చేసేశామమ్మా. పొద్దున పోయింది, మధ్యాన్నానికే చేసేశాం. బాక్సు పెట్టొద్దని ముందే చెప్పింది. ఎవరొస్తారని ఉంచుతార్రా, నాకెవరున్నారు అంది."

మర్నాడు వెళ్ళాను. సమాధుల తోటలో తడి మట్టి అప్పుడే పైన ఎండి తెల్లబడుతోంది. కువైట్ నుంచి వచ్చే పిల్ల కోసం ఒక్క రోజు ఆపిన మనిషి, నరసరావుపేట నుంచి వచ్చే నాకోసం ఒక పూట కూడా ఆగలేదు. నేను వస్తానని ఆవిడ లెక్కలోకే రాలేదు. అన్నేళ్ళు క్యాను ఒళ్ళో పెట్టుకుని పక్కసీట్లో కూర్చున్నాను కదా, అయినా.

ఇప్పుడు మా వీధిలో జనరేటరు ఆగింది. తాలింపు మాడుతున్నా వదిలేసి గేటు దాకా పరిగెత్తాను. డీజిల్ పోస్తున్నారంతే. మళ్ళీ మోగేదాకా అక్కడే నిలబడ్డాను. భువనేశ్వర్ రైలు ఇంకా రాలేదట.